మూడూ ఇరవైకి ఎవరి చెయ్యి

జూలై ఇరవై నాలుగున బసవరాజు తిన్నది రెండు కడుబులు, వాటి మీద ఇంత నెయ్యి. పక్కింటి గౌరమ్మది కన్నడం మాట్లాడే ఇల్లు, కుడుముల్ని కడుబులంటారు. భీమన వ్రతానికి చేసిన కడుబులు స్టీలు గిన్నెలో పెట్టి, పైన పళ్ళెం మూసి, గుమ్మంలో ఉంచి తలుపు తట్టకుండానే వెళ్ళిపోయింది. మొగుళ్ళ ఆయుష్షు కోసం పట్టే వ్రతం అది. పెళ్ళాం పోయిన మనిషికి ఆ కడుబులు చేతికిస్తూ ఏం మాట్లాడాలో ఆమెకు తోచి ఉండదు. తలుపు తట్టకపోవడం కూడా ఒక మంచితనమే అనుకున్నాడు బసవరాజు. తిన్నాడు. తీపి ఉందో లేదో తెలియలేదు. గిన్నె కడిగి గోడ మీద పెట్టి, సాయంత్రం దాకా మంచం మీద పడుకున్నాడు.

అదే మధ్యాహ్నం, అదే ఆదోనిలో, డాక్టర్ గిరిధర్ క్లినిక్ మేడ మీద చందన అనే నర్సును ఎవరో స్టెతస్కోపు గొట్టం మెడకు బిగించి చంపారు. మూడింటికి ఆమె కిందికి వచ్చి పూలమ్మి దగ్గర మూర మల్లెలు కొన్నది. నాలుగింటికి డాక్టరు మేడెక్కి చూసేసరికి నేల మీద ఉంది.

నెల తిరిగింది. ఆ నెల తిరిగిన రోజు పొద్దున్నే పోలీసులు చందనతో కలిసి పనిచేసే కుమారస్వామిని అరెస్టు చేశారు. తెల్లవారితే మేజిస్ట్రేటు ముందు పెడతారు. అతని తల్లి సుంకులమ్మ బసవరాజు గుమ్మంలో కూర్చుని ఏడవలేదు. "నా కొడుకు కోడిని గూడా కోయలేడప్పా" అని ఒక్క మాట అని ఊరుకుంది. పోలీసు ఉద్యోగం వదిలేసి, ఇన్సూరెన్సు క్లెయిములు విచారించుకుంటూ బతుకుతున్న బసవరాజుకు ఆ ఒక్క మాటే వకాల్తా అయింది.

పదకొండు గంటలకల్లా క్లినిక్ మేడ మీద ఉన్నాడు.

గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు పాదరసం బీపీ మిషను. బల్ల మధ్యలో నిలువుగా ఒక అట్ట. ఈ గదిలో జరిగే పని ఏమిటో బసవరాజు దారిలోనే తెలుసుకున్నాడు. ఒక కంపెనీ కొత్త బీపీ మిషను చేసింది. చేతికి పట్టీ చుట్టి, నడుముకు డబ్బీ కట్టుకుంటే రాత్రీ పగలూ దానంతట అదే బీపీ చూసి గుర్తుపెట్టుకుంటుంది. అమ్మకానికి పెట్టే ముందు అది నిజం చెబుతోందని రుజువు కావాలి. అందుకు ఇద్దరు పరీక్షకులు అట్టకు చెరో పక్కన కూర్చుంటారు. ఒకే స్టెతస్కోపుకు రెండు జతల చెవి గొట్టాలు. ఒకే గుండె చప్పుడు ఇద్దరూ వింటారు, పాదరసం చూసి ఎవరికి వారు రాసుకుంటారు. ఒకరి అంకె ఇంకొకరు చూడకూడదు. ఆ తరవాత మిషను అంకెతో పోలుస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు చందన, రెండోవారు కుమారస్వామి.

మూడో కుర్చీ కంపెనీ మనిషిది. ఇప్పుడు దాంట్లో మంజునాథ్ కూర్చున్నాడు. ఆదోని పత్తి వ్యాపారుల బిడ్డ. చొక్కా చేతులు పగిలిపోతాయా అన్నట్టు కండలు. కిటికీ దగ్గర ఎస్సై శశికాంత్ నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

"ఆ పొద్దు మూడింటి నుంచి నాలుగింటి దాకా యాడున్యావప్పా?" అన్నాడు బసవరాజు.

"సార్‌కు సెప్పిందే అన్నా. ఎమ్మిగనూరులో. వెంకటేశులు మగ్గం కాడ."

"ఆడేం పని?"

"మిషను ఆయప్ప చేతికి కట్టి, ఆయప్ప నేస్తాంటే సూస్తా కూర్చున్యా. మంచం మీద పండుకున్నోళ్ళకు ఏ మిషనైనా బీపీ సూపిస్తాది. పని సేసేటోళ్ళకు సూపించాల గదా. రెండు నుంచి ఐదు దాకా. అన్నీ మిషన్లో ఉండాయి."

"ఎవురైనా సూసినారా నిన్ను?"

"ఆయప్ప పెండ్లాం ఈరమ్మత్త ఊర్లో లేదు, సెల్లెలి కాన్పుకు సి.బెళగల్ పోయింది. వెంకటేశులు సూసినాడు. ఇంగ ఆయప్పను అడగలేం. మూడో నాడే పక్షవాతం వచ్చి మాట పడిపోయ." కాస్త ఆగి, "పాపం" అని కలిపాడు.

"నీ ఫోను?"

"లాడ్జిలో చార్జింగుకు పెట్టి మర్సిపోయినా."

బల్ల మీద చార్టు ఉంది. ఇరవై నిమిషాలకొక అంకె. రెండింటికి నూట ముప్పై నాలుగు. తరవాత నూట ముప్పై ఆరు, నూట ముప్పై మూడు, మళ్ళీ ముప్పై ఐదు. మూడూ ఇరవైకి నూట డెబ్బై ఎనిమిది. నాడి నూట ముప్పై ఒకటి. ఆ తరవాత మెల్లిగా దిగుతూ వచ్చింది.

"మగ్గం మీద రెండు చేతులూ ఆడతానే ఉంటాయి గదా," అన్నాడు బసవరాజు. "కదిలే చేతికి మిషను తప్పు సూపించాల, లేకుంటే ఏమీ సూపించకుండా ఊరుకోవాల. ఇంత శుభ్రంగా ఎట్ల వచ్చినాయి?"

"పట్టీ బిగిసినప్పుడల్లా చెయ్యి ఆపమని సెప్పినా. ఆపినాడు. ఉండన్నా, నీ చేతికే కడతా."

అడక్కుండానే లేచి బసవరాజు చేతికి పట్టీ చుట్టాడు. నేర్పుగా, ఒక్క ముడత లేకుండా చుట్టాడు. పట్టీ బిగిసి వదిలింది. నూట ఇరవై ఎనిమిది. పక్కనే నిలబడ్డ డాక్టర్ గిరిధర్ పాదరసంతో చూసి, నూట ఇరవై ఆరు అన్నాడు.

"సూసినావా," అన్నాడు మంజునాథ్.

"సూసినా. మరి ఈ మూడూ ఇరవైది?"

"దారం తెగింటాదిలే. గుంట్లోంచి లేసి, వంగి అతికి, మళ్ళ దిగి కూర్చుంటారు. ఆయాసం గదా."

శశికాంత్ ఫోను జేబులో పెట్టాడు. కర్నూలు నుంచి వచ్చిన కుర్రవాడు. కేసులు తొందరగా మూసేస్తాడని పేరు. "అయిందా బసవరాజు గారూ? ఒక నేతగాడి బీపీ పెరిగిందని నేను ఇంకో హంతకుణ్ణి వెతకాలా?"

"కుమారస్వామి మీద మీకున్న సాక్ష్యమేంది?"

"గొట్టం నిండా వాడి వేలిముద్రలు. ముందు రోజు వాడూ చందనా గట్టిగా అరుచుకున్నారని స్వీపరమ్మ చెప్పింది. ఆ గంటలో వాడు ఎక్కడున్నాడో వాడే చెప్పలేకపోతున్నాడు."

"దినామూ చెవుల్లో పెట్టుకునే గొట్టం. దాని మీద వాని వేలిముద్రలు లేకుంటే అప్పుడు పట్టుకోవాల వాణ్ణి."

శశికాంత్ నవ్వాడు. "అందుకే డిపార్ట్‌మెంటులో మిమ్మల్ని ఇంకా తలుచుకుంటారు. మాటలు బాగుంటాయి. కేసులు మాత్రం మిగిలిపోతాయి."

ఒకప్పుడైతే ఆ మాట ఎక్కడో తగిలేది. ఇప్పుడు తగలలేదు. రెండేళ్ళ కిందట భార్య శాంత పోయిన రోజు నుంచి మాటలు ఒంటిదాకా రావడమే మానేశాయి. మంజునాథ్ పట్టీ విప్పిన చోట చర్మం మీద పడిన గీతలను బసవరాజు కాసేపు చూసుకున్నాడు. అవి కూడా నొప్పి పెట్టలేదు.

మెట్లు దిగుతుంటే డాక్టరు వెనకే వచ్చాడు.

"వాళ్ళు పంపిన పట్టీ ఒకటే సైజు," అన్నాడు. "మీకూ నాకూ సరిపోతుంది. లావు చేతులకూ పర్వాలేదు. సన్న చేతికి చుడితే మాత్రం అసలు బీపీ కంటే ఇరవై తక్కువ చూపిస్తుంది. మగ్గాల వాళ్ళవి సన్న చేతులు. చందన కనిపెట్టింది. సన్న చేతుల వాళ్ళను లెక్కలోంచి తీసెయ్యమని మంజునాథ్, తియ్యనని చందన. గొడవ ఎందుకు, ఊరుకోమన్నాడు కుమారస్వామి. చందనా కుమారస్వామీ అరుచుకున్నది అందుకే."

"మీరేమన్నారు?"

"కంపెనీ రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు." కోటు జేబులోంచి ఒక కాగితం మడత తీసి బసవరాజు చేతిలో పెట్టాడు. "అంతకుముందు రెండుసార్లు వెంకటేశులుకు మిషను కట్టినప్పటి చార్టులు. ఈ అంకెలు చూసే అతని బీపీ మాత్రలు ఆపేశాను."

ఆయన మళ్ళీ పైకి వెళ్ళలేదు, కిందికీ రాలేదు. ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

బసవరాజు ఎమ్మిగనూరులో బస్సు దిగి నేతగాళ్ళ వీధిలోకి వచ్చేసరికి ఐదున్నర దాటింది. వెంకటేశులు ఇల్లు వెతుక్కోనక్కర్లేదు, వాకిట్లో చక్రాల కుర్చీ ఉంది. ఎవరో దానం చేసింది కాబోలు, వెనక ఏదో సంఘం పేరు సగం చెరిగి ఉంది.

ఈరమ్మ లోపలికి పిలిచి చాప వేసింది. మంచం మీద వెంకటేశులు. మూతి ఎడమకు లాగింది. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. మాట్లాడుతూనే ఈరమ్మ ఒక పాత చీర ముక్క మడిచి భర్త మడమ కిందికి తోసింది, పరుపు ఒరుసుకోకుండా. ఆ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, ఆమెకు తెలిసినట్టు కూడా లేదు. శాంతకు ఇలా ఒక్కసారైనా చేశానా అని ఆలోచించాడు బసవరాజు. చేశాడు. గుర్తుకు రావడానికి కొంచెం సేపు పట్టింది, అంతే.

"కంపెనీ మంజునాథ్ ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చినాడమ్మా?"

"శానా మాట్లు వచ్చినాడప్పా. మంచోడే. పండ్లు గిండ్లు తెచ్చేటోడు."

"జూలై ఇరవై నాలుగు పగటి పూట?"

"తేదీలు నాకేం తెల్సప్పా. నేను సెల్లెలి కాడుంటి. ఈయప్ప ఒక్కడే ఉన్యాడు. నేను వచ్చిన మర్సనాడే పడిపోయ."

"మగ్గం సూడొచ్చా?"

"సూడు. ముట్టుకోగాకు."

లోపలి గదంతా మగ్గమే. నేలలో గుంట, నేసేవాడు అంచు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించుతాడు. కుడిచేత్తో తాడు లాగి పోగును మోసే నాడెను ఆడిస్తాడు, ఎడమచేత్తో పలకను తనవైపు లాగి ఆ పోగును బిగిస్తాడు. మగ్గానికీ గోడకూ మధ్య మూరెడు చోటు. ఇంకో మనిషి మూడు గంటలు కూర్చుని చూడాలంటే గడపలో కూర్చోవాలి. కూర్చోగలడు. అదీ అబద్ధమని తేల్చలేం. మంజునాథ్ తెలివైనవాడు, ప్రతిదానికీ ఒక జవాబు ముందే పెట్టుకున్నాడు.

సగం నేసిన చీర మీద గుడ్డ కప్పి ఉంది. మగ్గం గుంజకు పసుపు, కుంకుమ, ఒక చామంతి పువ్వు. పువ్వు ఇంకా వాడలేదు.

బసవరాజు వెనక్కి వచ్చి వెంకటేశులు ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. భుజం కింద బొటనవేలూ మధ్యవేలూ చుట్టి పట్టుకుంటే కొసలు దాదాపు కలిశాయి. డాక్టరిచ్చిన చార్టులు తీశాడు. నూట పన్నెండు, నూట పది, నూట పదహారు. ఇరవై తినేసిన అంకెలు.

అప్పుడు తట్టింది అతనికి, చాలాసేపటి నుంచి ఏదో లేదని. చప్పుడు లేదు. వీధి మొదటి నుంచీ ఇక్కడిదాకా ఒక్క ఇంట్లోనూ నాడె ఆడిన చప్పుడు వినలేదు. ఎదురింటి అరుగు మీద నలుగురు మగవాళ్ళు పనీ పాటా లేకుండా కూర్చుని ఉన్నారు.

"ఈ పొద్దు ఎవురూ నేయడంల్యా?"

ఈరమ్మ వింతగా చూసింది. "అమావాస్య గదప్పా. మగ్గానికి మొక్కుకోని ఇడిసిపెడతాం."

"ఒక్క పోగు గూడా నేయరా?"

"నాడె తాడు ముట్టుకోం. మా మామ ఉన్నెప్పుడు పెద్ద సావుకారి కూతురు పెండ్లి, సీర ఒక మూర మిగిలింది. కారేసుకోని వచ్చి కూర్చున్యారు. తెల్లారినాక నేసిస్తా, అంతవరకు కావాలంటే మజ్జిగ తాగండి అన్యాడు మా మామ."

"మీ ఆయన?"

"ఈయప్పనా? మామకన్నా మొండోడు."

బసవరాజుకు గౌరమ్మ కడుబులు గుర్తొచ్చాయి. భీమన వ్రతం. ఆ వ్రతం పట్టేది ఆషాఢ అమావాస్య నాడు. సరిగ్గా నెల క్రితం, ఇరవై నాలుగున, ఈ వీధి ఇలాగే మూగగా ఉంది. తనకు తెలియని సంగతి కాదు. మొద్దుబారిన బుర్రకు నెల పట్టింది.

మంజునాథ్‌కు కూడా ఆ రోజు అమావాస్య అని తెలిసే ఉంటుంది. కానీ అతను పుట్టింది పత్తి అంగట్లో. అక్కడ అమావాస్యకు కాటాకు పూజ చేస్తారు, టెంకాయ కొడతారు, కొట్టిన మరుక్షణం మళ్ళీ బేళ్ళు తూస్తారు. పూజ అంటే పని ఆగడమని ఆ ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు.

వాకిట్లోకి వచ్చి శశికాంత్‌కు ఫోన్ చేశాడు.

అంతా విని శశికాంత్ అన్నాడు, "అమావాస్య నాడు నేయకూడదని చట్టం ఉందా? కంపెనీ మనిషి బతిమాలితే నేసి ఉంటాడు. రేపు కోర్టులో పంచాంగం చదవమంటారా?"

"వద్దు. ఇంకో రెండు చార్టులున్యాయి, అవి వినండి. వెంకటేశులు చేతికి ఈ మిషను ఎప్పుడు కట్టినా నూట పది, నూట పన్నెండు, అంతే. సన్న చెయ్యి గాబట్టి ఇరవై తక్కువ సూపిస్తాంది. పట్టీ పెద్దది. ఆ తప్పు దానికి తప్పదు. ఇరవై నాలుగో తేదీ నూట ముప్పై నాలుగుతో మొదలైంది. ఆ ఒక్క పొద్దు మిషనుకు ఆ తప్పు యాడ పోయ?"

బసవరాజు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"తప్పు యాడికీ పోలేదు," అన్నాడు బసవరాజు. "చెయ్యి మారింది. నిజం బీపీ సూపించేంత లావు చేతికి కట్టినారు ఆ పొద్దు. ఉత్తుత్త అంకెలు మిషన్లోకి ఎక్కించలేరు, ఎవురో ఒకరు తొడుక్కోవాల. ఎమ్మిగనూరులో మగ్గం కాడ ఉన్నెట్ల కనపడాలని మంజునాథే తొడుక్కున్యాడు. తొడుక్కోని క్లినిక్కు పోయినాడు. రెండు చేతులతో గొట్టం బిగిస్తాంటే చొక్కా కింద పట్టీ గూడా బిగిసింది. దానికి ఏం తెలుసు? దాని పని అది సేసింది. మూడూ ఇరవై. నూట డెబ్బై ఎనిమిది. నాడి నూట ముప్పై ఒకటి. అది దారం అతికే మనిషిది కాదు శశికాంత్ గారూ."

అటువైపు నుంచి శశికాంత్ గొంతు వచ్చింది. ఇందాకటి గొంతు కాదు.

"చార్టు కాగితమే కదా మన దగ్గరుంది. ఇది కోర్టులో నిలబడాలంటే మిషను కావాలి. దాని మెమరీ కావాలి."

"మిషను మీ దగ్గరే ఉంది గదా?"

"మీరు వెళ్ళాక మంజునాథ్ అడిగాడు. కంపెనీ ఆస్తి అన్నాడు. కేసు కుమారస్వామి మీద కదా అని..." ఆగాడు. "నేనే ఇచ్చాను. సంతకం పెట్టించుకుని ఇచ్చాను."

దెప్పడానికి బసవరాజుకు మంచి అవకాశమే, పొద్దుటి బాకీ కూడా ఉంది. ఆ కుర్రవాడి ఊపిరి ఫోనులో వినబడుతోంది. అది చాలు అనిపించింది.

"అయితే మిగిలింది వెంకటేశులు ఒక్కడే," అన్నాడు శశికాంత్. "అతనికి మాటే లేదు."

బసవరాజు తిరిగి చూశాడు. గుమ్మంలో ఈరమ్మ నిలబడి ఉంది, చేతిలో టీ గ్లాసు.

"మాట వస్తాందప్పా," అంది ఆమె సంబరంగా. "నిన్న పొద్దున నీళ్ళు అన్యాడు. మద్దేనం నా పేరు పిల్సినాడు. మంజునాథ్ ఇందాక ఫోన్ సేస్తే సెప్పినా. శానా సంతోషపడినాడు. రేతిరికి వస్తాడంట. మిషను కట్టి సూసి, మాట బిన్నా వచ్చేదానికి సూది గూడా ఏపిస్తా అన్యాడు."

టీ గ్లాసు అందుకోవడానికి చాచిన చెయ్యి బసవరాజుకు అక్కడే ఆగింది. నెల రోజులుగా, కాదు, రెండేళ్ళుగా ఒంట్లో కదలనిదేదో కదిలింది.

"విన్నారా?" అన్నాడు ఫోనులో.

"విన్నాను. ఎమ్మిగనూరు టౌన్ స్టేషన్ నుంచి మనుషుల్ని పంపిస్తున్నా. ఆదోని నుంచి నేనూ బయల్దేరుతున్నా, ముప్పావు గంట." ఒక్క క్షణం ఆగి, "తలుపు తియ్యకండి సార్," అన్నాడు. పొద్దుటి నుంచి అతని నోట సార్ అన్న మాట అదే మొదలు.

చీకటి పడుతోంది. అరుగు మీది మగవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. ఈరమ్మకు ఎంత చెప్పాలో అంతే చెప్పాడు బసవరాజు. ఆమె కేకలు పెట్టలేదు. మంచి మనిషని నమ్మి, అతను తెచ్చిన పండ్లు మొగుడికి కోసి పెట్టిన చేతుల్ని ఒకసారి కొంగుకు తుడుచుకుంది. ఇద్దరూ కలిసి మంచాన్ని కిటికీ దగ్గర నుంచి జరిపి, మగ్గం గది గోడవారకు లాగారు.

బసవరాజు మంచం పక్కన నేల మీద కూర్చుని వెంకటేశులు చెవి దగ్గర వంగాడు.

"అన్నా, ఒక్క మాట. పోయిన అమావాస్య పొద్దు మంజునాథ్ ఈ ఇంటికి వచ్చినాడా?"

వెంకటేశులు కళ్ళు అతని ముఖం మీద నిలిచాయి. పెదవి వణికింది. గొంతులో ఏదో పైకి లేచి జారిపోయింది. మళ్ళీ లేచింది. ఎడమ చెయ్యి మెల్లిగా వచ్చి బసవరాజు మణికట్టు పట్టుకుంది.

"రా... రాల్యా," అన్నాడు.

ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

వీధి చివర మోటారు సైకిలు మలుపు తిరిగింది. లైటు ఎదురింటి గోడ మీద పాకి, ఈ ఇంటి వాకిలి దాకా వచ్చి ఆరిపోయింది. ఇంజను ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. తొందర లేని అడుగులు.

ఈరమ్మ గుమ్మం దగ్గరికి నడిచింది. రోజూ ఈ వేళకు మూసినట్టే, మంచం మీది మనిషి ఉలిక్కిపడకుండా, రెండు రెక్కలూ మెల్లిగా దగ్గరికి చేర్చి, చప్పుడు కాకుండా గడియ పెట్టింది.